పెదగుంతలో మొదటి గడప

శుద్ధ తదియ, ఎండ

మా అమ్మాయి నీలవేణికి దుకాణం ఇచ్చారు. ఈ మాట ముందు రాసుకోవాలి, మిగతావన్నీ తరవాత. మా వరసలో ప్రతి ఇంటి ముందూ ఆగి చెప్పాను. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెబుతున్నానని మా ఆవిడ నరసమ్మ చొక్కా పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

పెదగుంతలో దుకాణం పెట్టినవాళ్ళు ఏ రోజు ఏం జరిగిందో రాసి ఉంచాలని గాలి ఆఫీసు నిబంధన. మిషను నడిపే మనిషి రాయకూడదు, పక్కనున్నవాళ్ళు రాయాలి. నీల నన్ను రాయమంది. నేను చదివింది ఐదో తరగతి, అదీ కింద భూమ్మీద. ఇక్కడికొచ్చాక వెదురు షెడ్డులో నీళ్ళు పట్టాను, ఈమధ్యే ఒళ్ళు సహకరించక మానేశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి బాబూ. తిథులు మాత్రం తప్పు వెయ్యను. మాకు చంద్రుడు కాళ్ళ కింద ఉన్నాడు, భూమి నెత్తి మీద ఉంది, అది పెరగడం తరగడం చూసే తిథి చెప్పుకుంటాం. శుద్ధ అష్టమికి ఇక్కడ పొద్దు కుంకితే మళ్ళీ బహుళ అష్టమికే పొడుస్తుంది. మధ్యలో అంతా చీకటి.

దుకాణమంటే వరస చివర ఒక గది, అందులో ఒక రౌటర్ మిషను. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే తిరిగే కట్టరుతో చెక్కని తనంతట తానే చెక్కుతుంది. నీల చేద్దామనుకుంటున్నది వెదురు పలకలతో గుమ్మాలు, గడపలు. ఇక్కడి ఇళ్ళన్నిటికీ ఇనప తలుపులే. నరసమ్మ వచ్చిన కొత్తలో తలుపు కింది అంచుకి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఇనుం మీద పసుపు ఎండి పెచ్చులై రాలిపోయేది. రాలిన పెచ్చులు గాలి గొట్టాల్లో చేరుతున్నాయని పక్కింటివాళ్ళు తగువుకొచ్చారు. అప్పట్నించి మానేసింది. మానేసిందే కానీ పొద్దున్న లేచి ఆ అంచుని తడిగుడ్డతో తుడవడం మానలేదు. నీల చిన్నప్పట్నించీ అది చూస్తూ పెరిగింది. మొదటి గడప అమ్మకే అంది.

శుద్ధ చవితి, ఎండ

ఇవాళంతా బల్ల గురించే. మిషను ఉంది గానీ చెక్కని కదలకుండా పట్టుకునే బల్ల లేదు. కట్టరు చెక్క మీదంతా, అంచుల వెంబడి కూడా తిరుగుతుంది కాబట్టి బిగింపులు పెట్టడానికి చోటుండదు, మేకులు కొడితే చెక్క పాడు. అందుకని వాక్యూమ్ బల్ల కావాలంది నీల. నాకు అర్థమైనంత రాస్తాను.

అల్యూమినియం పలక మీద నిలువూ అడ్డం గాళ్ళు తవ్వుతుంది. అచ్చం నా గళ్ళ లుంగీలా ఉంటుంది. గాళ్ళలో సన్నటి రబ్బరు తాడు చెక్క కొలతకి చుట్టూ కూర్చి, దాని మీద చెక్క పెట్టి, కింద నుంచి గాలి తీసేస్తే చెక్క అతుక్కుపోతుంది. భూమ్మీదైతే గాలి తియ్యడానికి పంపు కావాలట. మనకెందుకూ, గోడ అవతల అంతా ఖాళీయే కదా. గోడకి ఒక గొట్టం, దానికి ఒక వాల్వు. వాల్వు తిప్పితే గాళ్ళలో ఉన్న కాస్త గాలీ బయటికి పోతుంది, చెక్క పట్టుబడుతుంది. అంతే. ఈ మాట నా కూతురు చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను.

ఖాళీ అంత గట్టిగా లాగుతుందన్నమాట అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఖాళీ ఏమీ లాగదు నాన్నా. పైనున్న గాలి కిందికి తొక్కుతుంది. మనం పీల్చే గాలే చెక్కని పట్టుకుంటుంది."

బాగుందనిపించింది. కానీ ఆ గాలే ఇక్కడ ప్రాణం. గోడకి గొట్టం పెట్టనిచ్చారు గానీ గదిలో ఒక మీటరు ముల్లు పెట్టారు. గాలి ఎంత బయటికి పోతే ముల్లు అంత జరుగుతుంది. ఒక చోట ఎర్ర గీత ఉంది. బహుళ అష్టమికి పొద్దు పొడిచేలోగా ముల్లు గీత దాటకూడదు. దాటితే గొట్టం వెల్డింగు చేసి మూసేస్తారు, మిషను విప్పి పట్టుకుపోతారు, నీల మళ్ళీ ఫిల్టర్లు కడిగే పనికి పోవాలి. పదకొండేళ్ళు చేసింది ఆ పని. చేతులు పాసిపోయి ఉంటాయి ఇప్పటికీ.

గాలి ఆఫీసు నుంచి జోగినాథం గారొచ్చి ఈ సంగతి చెప్పి వెళ్ళారు. మంచి మనిషే, నవ్వు మాత్రం తక్కువ. పోతూ పోతూ ఒక మాటన్నారు: "కారణం తెలిసిన లీకుకి మందుంటుందమ్మా. కారణం తెలీని లీకుని మేము ఉంచం."

శుద్ధ పంచమి, ఎండ

బల్ల తయారైంది. చేత్తో నిమిరి చూశాను, పసిపిల్ల వీపులా ఉంది. నీల చిన్న చెక్క పెట్టి మొదటిసారి మిషను నడిపింది. పట్టింది అనుకునేలోపు చెక్క జారి గిరగిరా తిరిగి కట్టరు విరిగింది. నీల ముఖం చూళ్ళేకపోయాను.

తరవాత తనే నవ్వింది. బల్ల గురించి పాఠాలన్నీ భూమి నుంచి వచ్చినవే. కింది లెక్కలే వేసింది. అక్కడి గాలి బరువు వేరు. ఇక్కడ ఇళ్ళల్లో గాలి పలచగా ఉంచుతారు, కింద ఉన్నదాంట్లో మూడో వంతే. తొక్కే గాలి మూడో వంతైతే పట్టు కూడా మూడో వంతే. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, కింది గాలి లెక్క వేసుకుంది. రోజూ పీల్చే గాలి కదా, ఎవరికి గుర్తుంటుంది.

ఇప్పుడు చిన్న ముక్కలు విడిగా పెట్టదు. పెద్ద పలక మొత్తంగా పెట్టి, ఒకేసారి లోతుగా కాకుండా పల్చగా పల్చగా చెక్కి, అడుగున కాగితమంత పొర వదిలేస్తుంది. ముక్కలు ఆ పొర పట్టుకుని కదలకుండా ఉంటాయి. ఆఖర్ని చాకుతో విడదీసుకోవడమే. సాయంత్రానికి ఒక పలక పూర్తిగా చెక్కింది, వెంట్రుకంత కూడా జరగలేదు. నేను బల్లని ముద్దు పెట్టుకున్నాను. నరసమ్మ చూసి, "నన్నెప్పుడైనా అలా పెట్టుకున్నావా" అంది. నీల వినబడనట్టు అటు తిరిగింది.

శుద్ధ షష్ఠి, ఎండ

ప్రారంభం. ఎంత రాసినా తక్కువే.

రెండు రోజులు ఆగు నాన్నా, గొట్టం మూతికి వడకట్టే గుడ్డ ఇంకా కుట్టలేదు అంది నీల. చీకటి పడ్డాక శుభకార్యమేమిటమ్మా, ఎండ ఉండగానే కానిచ్చేద్దాం అన్నాను. నా పోరు పడలేక సరే అంది. వరస వరసంతా వచ్చారు. నరసమ్మ షెడ్డు మూలలో పెంచుకున్న కొమ్ములు దంచి పసుపు చేసింది. బల్ల నడుమ బియ్యప్పిండితో ముగ్గు, నాలుగు మూలలా పసుపు కుంకుమ. ఎదురింటి సన్యాసమ్మ, ఏదీ ఎలా పట్టుకుంటుందో చూపించవే అంది. నీల వాల్వు తిప్పింది. పిల్లలు, పెద్దలు అరచేతులు గాళ్ళ మీద పెట్టి చూసి, పట్టేస్తోంది పట్టేస్తోంది అని ఒకటే నవ్వు. నేను ఆనందం పట్టలేక గుప్పెడు అక్షింతలు తీసి బల్ల మీద చల్లాను, అందరూ నా వెనకే చల్లారు. ముగ్గూ పసుపూ అక్షింతలూ కొన్ని సర్రున గాళ్ళలోకి పోయాయి. లక్ష్మి లోపలికి పోయిందన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతమంది మన గడప తొక్కడం ఎన్నాళ్ళయిందో అన్నాను ఇంటికొచ్చి. మనకి గడపెక్కడిదయ్యా అంది నరసమ్మ. నిజమే.

శుద్ధ సప్తమి, ఎండ

నీల బల్లంతా తుడిచి, గొట్టం మూతికి గుడ్డ కుట్టి బిగించింది. ఇహ చెక్క పొడి లోపలికి పోదు. గడప పలకలు మొదలెట్టింది. వెదురు కోస్తుంటే వచ్చే వాసన, షెడ్డులో ఇన్నేళ్ళూ నీళ్ళు పట్టినా నాకు ఎప్పుడూ రాలేదు. కాలిన చెరుకు వాసన. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నువ్వలా నవ్వుతూ చూస్తుంటే నాకు పని సాగడం లేదు, ఇంటికెళ్ళు నాన్నా అంది. వెళ్ళలేదు.

శుద్ధ ఏకాదశి, చీకటి

ముల్లు జరుగుతోంది. పొద్దు కుంకేటప్పటికి ఉండాల్సిన చోటు ఎప్పుడో దాటేసింది. వెదురు పలకలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి కిందికి దిగుతోందేమో అంది నీల. నరసమ్మ చిక్కటి గంజి కాచి తెచ్చింది. పలక అడుగున, అంచులకి రెండు పూతలు గంజి పూశారు. ఆరాక పెడితే చెక్క మునుపటికంటే గట్టిగా పట్టింది. పనిచేసేటప్పుడు ముల్లు దాదాపు కదల్లేదు. నీల గెంతినంత పని చేసింది. నాకూ పోయిన ప్రాణం లేచొచ్చింది. చీర గంజి చివరికి చెక్కలకి కూడా వచ్చిందంటూ నరసమ్మ ఒకటే మురిసిపోయింది.

పున్నమి, చీకటి

నెత్తిన భూమి నిండుగా నీలంగా ఉంది. ఎవరికీ చూసే తీరిక లేదు.

గంజి పూశాక కూడా ముల్లు జరుగుతూనే ఉంది. నీల రబ్బరు తాడు అంతా పీకి కొత్తది వేసింది. బల్లని నాలుగు భాగాలు చేసి ఒక్కోదానికి విడిగా ట్యాపు పెట్టింది, అవసరమైన భాగమే తెరుస్తుంది. బల్ల ఇప్పుడు రోజురోజుకీ బాగుపడుతోంది, దాని పట్టు చూస్తే ముచ్చటేస్తుంది. ముల్లు మాత్రం వినదు.

అన్నం దగ్గర కూర్చుని లేచిపోయింది. నరసమ్మ కంచం పట్టుకుని దుకాణం దాకా వెళ్ళింది, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ముప్పై నాలుగేళ్ళ పిల్లకి.

బహుళ తదియ, చీకటి

జోగినాథం గారొచ్చి ముల్లు చూశారు. ఎక్కడుందో రాసుకుని వెళ్ళిపోయారు. 

నీల మిషను ఆపేసి, వాల్వు కట్టేసి, అటు ఎవర్నీ రానివ్వకుండా ముల్లు ముందు కూర్చుంది. పని లేకపోయినా ముల్లు మెల్లగా జరుగుతోంది. అంటే తప్పు బల్లలో లేదు, గోడ దగ్గరే ఎక్కడో ఉంది. వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదనుకుంటా అంది.

మరి విప్పి చూడొచ్చు కదమ్మా అన్నాను. అక్కడే ఉంది చిక్కు. వాల్వు గోడ మందంలో ఉంటుంది, దాన్ని విప్పితే గదిలో గాలి మొత్తం బయటికి పోతుంది. ఎవరైనా బయటికెళ్ళి గొట్టానికి మూత వేస్తేనే లోపల విప్పగలం. చీకట్లో బయటికి పంపరు, ఆ చలికి సూటు కీళ్ళు బిగుసుకుపోతాయి. పొద్దు పొడిచాకే బయటి పని. పొద్దు పొడవగానే చేసే మొదటి పని, ఆలోగా ముల్లు గీత దాటితే, మా గొట్టం వెల్డింగే.

పైగా అది కొత్త వాల్వు, పరీక్ష చేసి ఇచ్చింది. వడగుడ్డ ఉండగా పొడి అక్కడిదాకా పోదు. ఎందుకు కారుతోందో ఎంత వెతికినా కారణం దొరకలేదు.



"ఫిల్టర్ల పనికి పోతాలే నాన్నా. తెలిసిన పనేగా."

"నువ్వు పోతే పో. నేను మాత్రం ఇక్కడ కుర్చీ తియ్యను."

"మిషను పట్టుకుపోయాక ఏం చూస్తావు?"

"నువ్వు చేసిన బల్ల చూస్తాను. చెక్కని పట్టుకుంది కదా. నేను కళ్ళారా చూశాను."

ఆమె ఏడిచింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని, లేచి గడప పలక ఆఖరి ముక్క బల్ల మీద పెట్టింది. ఎలాగూ పోయే గాలే, అమ్మ గడప పూర్తి చేసేస్తానంది. చేసేసింది. గోడకి ఆనించి ఉంది ఇప్పుడు. గంజి పూతకి మీగడ రంగు మెరుపు వచ్చింది. గీత దాటడానికి ముల్లుకి వేలెడు దూరం.

బహుళ అష్టమి, ఎండ

మెల్లగా, వరసగా రాయాలి.

పొద్దు పొడిచేసరికి ముల్లు గీత దాటే ఉంది. జోగినాథం గారు సూటు వేసుకుని, వెల్డింగు సామాను తీసుకుని బయటికి వెళ్ళారు. నియమం ప్రకారం మేము లోపల గోడ దగ్గర నిలబడాలి, ఆయన మాట స్పీకర్లో వినబడుతుంది. నీల వాల్వు మీద చెయ్యి వేసి నిలబడింది. నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గొట్టం కనబడింది అన్నారు. వెల్డింగు మొదలెడుతున్నాను అన్నారు. తరవాత మాట లేదు.  నీల, సార్ అని పిలిచింది.

"ఇక్కడ నేల పసుపుగా ఉందమ్మా."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ చెప్పారు. గొట్టం మూతి నుంచి విసనకర్రలా, ఇటు నాలుగు బారలు అటు నాలుగు బారలు, బూడిద నేల మీద పసుపు పచ్చగా పరుచుకుని ఉంది, మధ్య మధ్య ఎర్రగా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది చూళ్ళేదు. ఏదైనా రసాయనం వాడారా అని అడిగారు.

నరసమ్మ కొంగు నోట్లోంచి తీసింది. నా వంక చూసింది. పెళ్ళైన దగ్గర్నించీ ఆ చూపు నాకు తెలుసు.

"లక్ష్మి లోపలికి పోయిందన్నావు కదయ్యా. బయటికి పోయింది చూడు."

నాకు అప్పటికి తట్టింది. ముగ్గు, పసుపు, కుంకుమ. గుడ్డ కుట్టకముందే ప్రారంభం పెట్టించింది నేను. గాళ్ళలోకి పోయినవన్నీ గొట్టంలోంచి బయటికి పడ్డాయి. బయట గాలి లేదు కాబట్టి పొగలా లేవలేదు, చల్లినట్టు పడింది, పడ్డట్టు ఉండిపోయింది. పోయింది బయటికి పోగా, పోనిది ఒకటి దారిలో ఉండిపోయి ఉంటుంది.

నీల అప్పటికే మైకు అందుకుంది. సార్, వెల్డింగు వద్దు, విప్పడానికి వీలయ్యే మూత వెయ్యండి, కారణం తెలిసింది అంది. మా నాన్న అక్షింతలు చల్లారు సార్ అంది.  తరవాత మూత బిగించిన చప్పుడు గోడలోంచి వినబడింది.

నీల వాల్వు విప్పింది. రబ్బరు అంచు మీద పసుపు చార, దాని కింద ఒకే ఒక్క బియ్యపు గింజ, సగం నలిగి. చిటికెన గోరుతో తీసి నా అరచేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి మూసి, గుప్పెట పట్టుకుని నవ్వింది. నేను ఏడ్చాను. తుడిచి బిగించి, మూత తీయించి, గడియారం పెట్టి చూశాం. ముల్లు రాయిలా ఉంది.

జోగినాథం గారు లోపలికొచ్చి సూటు విప్పుకున్నారు. ముల్లు చూశారు, గింజ చూశారు. కారణం తెలిసిన లీకు అని రాసుకున్నారు. కొత్తగా ఇంకో పక్షం గడువు, గది గాలి నష్టం దుకాణం ఖాతాలో, పసుపు, అక్షింతలు ఏవీ బల్ల దరిదాపులకి రాకూడదని గోడ మీద బోర్డు. ఇవీ ఆయన షరతులు. నరసమ్మ ఆయన వదిలిన సూటు బూట్ల వంక చూస్తోంది. మడమల దాకా పసుపు.

"కాళ్ళకి పసుపు రాసుకొచ్చావు బాబూ, పెళ్ళికూతురిలాగా."

ఆయన కిందికి చూసుకున్నారు. నవ్వు తక్కువ మనిషని రాశాను కదా. ఆ మాట కొట్టేస్తున్నాను.

బహుళ త్రయోదశి, ఎండ

గడప పెట్టాం. ఇనప తలుపు అంచుకి లోపలివైపు, నీల చెక్కిన గడప, అటూ ఇటూ చిన్న పద్మాలు. నరసమ్మ పొడి పసుపు వెయ్యలేదు, ముద్దగా తడిపి రాసింది. వెదురు పీల్చుకుంది. పొద్దున్న లేచి చూస్తే ఒక్క పెచ్చు కూడా రాల్లేదు. ఆవిడ అక్కడే చతికిలబడి వేలితో రాసి రాసి చూస్తోంది. కాఫీ అడిగితే నన్నే పెట్టుకోమంది. పెట్టుకున్నాను, ఆవిడకీ ఇచ్చాను.

బయట నేల మీద పసుపు ఎండకి వెలిసిపోయింది. కిటికీలోంచి చూస్తే లేత గంధం రంగులో ఉంది, ఇవాళో రేపో అదీ ఉండదు. పడ్డ రెండు రోజులకే పొద్దు కుంకింది కాబట్టి మళ్ళీ పొద్దు పొడిచేదాకా నిలిచింది. ఎండలో ప్రారంభం కావాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. ఇంకో నాలుగు రోజులు ముందు పట్టుబట్టి ఉంటే, జోగినాథం గారు చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

దుకాణంలో వరస వాళ్ళ గడపలు మొదలయ్యాయి. సన్యాసమ్మదే ముందు. మొదటి పలక పెట్టేటప్పుడు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాను. గుప్పెడు అక్షింతలు, ఇంట్లోంచి తెచ్చుకున్నవే. చెయ్యి బయటికి తీసేసరికి నీల, నరసమ్మ, పని చూడ్డానికొచ్చిన సన్యాసమ్మ, ముగ్గురూ నా గుప్పెట వంకే చూస్తున్నారు. నేను గోడ మీద బోర్డు వంక చూశాను. దాన్ని రాసింది నేనే, ఎర్ర అక్షరాలతో.

నీల ట్యాపులు నాలుగూ కట్టేసింది. వాల్వు కట్టేసింది. బల్ల మీద గుడ్డ కప్పింది. బల్లకి దూరంగా గుమ్మం దగ్గరికి నడిచొచ్చి, నా ముందు తల వంచింది.

ఆ రోజు బల్లకి వేశాను, దీని నెత్తిన మాత్రం వెయ్యలేదు.

వేశాను. ఇక్కడ ఏదైనా నిదానంగా పడుతుంది. ఒక్కో గింజా కనబడుతూ, తొందర లేకుండా, నా కూతురి జుట్టు మీదికి దిగాయి.